ఎన్ని సెల్లుల లైటు? దూరం కొట్టే టార్చిని ఎంచుకోవడం

మా బాబాయికి ఏ టార్చిలైటు చూపించినా మొదట అడిగేది ఒకటే: “ఎన్ని సెల్లులదిరా?” ఆయన కాలంలో ఆ ప్రశ్నకు అర్థం ఉంది. రెండు సెల్లుల లైటు వీధి చివరి దాకా పడేది, మూడు సెల్లులది పొలం అవతలి గట్టు దాకా పడేది. ఐదు సెల్లులది ఊరికి ఒకటో రెండో ఉండేవి, వాటిని అరువిచ్చేవారు కూడా కాదు. ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు. సెల్లు పెరిగితే వోల్టేజి పెరిగేది, దానికి తగిన బల్బులో తీగ ఇంకా తెల్లగా కాలేది, వెలుగు దూరం పోయేది. పెద్ద బ్యాటరీ అంటే ఎక్కువ దూరం అనే లెక్క అలా మన ఇళ్లలో పాతుకుపోయింది. ఇవాళ ఆన్‌లైన్‌లో టార్చిలు అమ్మేవాళ్లు ఆ లెక్క మీదే బతుకుతున్నారు.

ఎల్‌ఈడీ వచ్చాక ఆ లెక్క పనికిరాకుండా పోయింది. ఎల్‌ఈడీకి కావలసింది దాదాపు మూడు వోల్టులు. ఒక్క లిథియం సెల్లు 3.6 వోల్టులు ఇస్తుంది. మధ్యలో ఉండే చిన్న సర్క్యూట్ ఎంత కరెంటు పోవాలో నిర్ణయిస్తుంది. సెల్లును రెట్టింపు చేసినా ఆ సర్క్యూట్ వదిలేది అంతే. చెరువు పెద్దదైనంత మాత్రాన తూము వెడల్పు కాదు కదా, నీళ్లు ఎక్కువ రోజులు వస్తాయి. ఇక్కడా అంతే, వెలుగు ఎక్కువ సేపు ఉంటుంది కానీ ఒక్క మీటరు కూడా ముందుకు జరగదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. మరీ బక్క సెల్లు పెట్టి బలమైన ఎల్‌ఈడీని వెలిగించబోతే అది కావలసిన కరెంటు ఇవ్వలేక చతికిలబడుతుంది. ఆ మేరకు మాత్రం సెల్లు పరిమాణానికీ వెలుగుకూ సంబంధం ఉంది.

దూరాన్ని తెచ్చేవి రెండు. ఒకటి ఎల్‌ఈడీ చుట్టూ మెరుస్తూ ఉండే గిన్నె, అంటే రిఫ్లెక్టర్ వెడల్పు. రెండోది ఎల్‌ఈడీ ముఖం ఎంత చిన్నదిగా, ఎంత తీక్షణంగా ఉందన్నది. చిన్న చుక్కలోంచి గట్టిగా వచ్చే వెలుగును వెడల్పైన, లోతైన గిన్నె ఒక సన్నని ధారగా మలుస్తుంది. అదే ఎల్‌ఈడీ ముఖం పెద్దదైతే మొత్తం వెలుగు ఎక్కువే వస్తుంది కానీ అది పళ్లెంలా పరుచుకుంటుంది. కాబట్టి ఎక్కువ దూరం కావాలంటే ముందు టార్చి తల చూడండి, సెల్లు సంగతి తరువాత.

ఈ గొడవంతా నాకెందుకంటే మాకు కొల్లేరు వైపు చేపల చెరువు ఉంది. చేపలు పెంచేవాళ్లకు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళ గండం. ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రంతా ఆ నాచూ, చేపలూ, అడుగు బురదా కలిసి దాన్ని పీల్చేస్తాయి. తెల్లవారేసరికి ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయా, అవతలి మూల ఏరియేటర్, అంటే నీటిలో గాలి కలిపే యంత్రం, తిరుగుతోందా ఆగిందా, గట్టు మీద నిలబడిన మనిషి మన కాపలాదారా మరొకరా అన్నది గుడిసె దగ్గర నుంచే తెలియాలి. చుట్టూ నడిచి వెళ్లి చూసేలోగా జరగవలసిన నష్టం జరిగిపోతుంది. ఆ అవసరం కోసం ఈ ఐదారేళ్లలో మా ఇంట్లో ఏడు టార్చిలు కొన్నాం. వాటిలో నాలుగు దండగ.

మీకు ఎంత దూరం కావాలి?

కొనేముందు ఒక పని చేయండి. ఫోనులో మ్యాపు తెరిచి, మీరు నిలబడే చోటు నుంచి చూడవలసిన చోటుకు దూరం కొలవండి. చాలామంది ఊహించిన దూరంలో సగం కూడా ఉండదు. నలుచదరంగా ఉన్న పదెకరాల చెరువుకు ఒక్కో పక్క సుమారు 200 మీటర్లు, మూల నుంచి మూలకు 285 మీటర్లు. రెండెకరాల మొక్కజొన్న చేను అయితే పక్క 90 మీటర్లు, మూల నుంచి మూలకు 127. ఇంటి గేటు నుంచి వీధి మలుపు దాకా అయితే యాభై దాటదు. “కిలోమీటరు కొట్టే లైటు కావాలి” అని అడిగేవారిలో కిలోమీటరు అవతల చూడవలసిన పని ఉన్నవారు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇక డబ్బా మీద అంకెల సంగతి. పేరున్న కంపెనీలు టార్చి వెలుగును ఎఫ్‌ఎల్ 1 అనే ప్రమాణం ప్రకారం కొలుస్తాయి. ఇది 2009లో అమెరికాలో వచ్చింది. దాని ప్రకారం “ఇంత దూరం” అంటే ఆ దూరాన పడే వెలుగు 0.25 లక్స్ ఉంటుందని అర్థం. 0.25 లక్స్ అంటే ఎంత? మబ్బులేని పున్నమి రాత్రి వెన్నెలంత. వెన్నెలలో మనిషి ఆకారం కనిపిస్తుంది, ఎవరో గుర్తు పట్టడం కష్టం. అందువల్ల డబ్బా మీద 900 మీటర్లు అని ఉంటే 900 మీటర్ల దగ్గర మీకు ఏదో నీడ కదిలినట్టు మాత్రమే తెలుస్తుంది.

వెలుగు దూరంతో పాటు మామూలుగా తగ్గదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. దీన్ని తిరగేసి చూస్తే మనకు ఉపయోగపడే సూత్రం దొరుకుతుంది. చెప్పిన దూరంలో సగం దగ్గర వెన్నెలకు నాలుగు రెట్లు, మూడో వంతు దగ్గర తొమ్మిది రెట్లు వెలుగు ఉంటుంది. నేను మూడో వంతునే లెక్కలోకి తీసుకుంటాను. పదెకరాల చెరువుకు మూల నుంచి మూలకు 285 మీటర్లు కాబట్టి, డబ్బా మీద కనీసం 850 మీటర్లు ఉండాలి. రెండెకరాల చేనుకు 400 మీటర్ల లైటు చాలు. అంతకు మించి కొంటే డబ్బుతో పాటు చేతి బరువు కూడా దండగే.

క్యాండెలా, అంటే ధార నడిమి తీక్షణత చెప్పే అంకె, ఇచ్చి ఉంటే ఇంకా మంచిది. దాని వర్గమూలం తీసి రెండుతో హెచ్చిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 10,000 క్యాండెలా అంటే 200 మీటర్లు. 40,000 అంటే 400. రెండున్నర లక్షలు అంటే కిలోమీటరు. ఈ లెక్కన ఆరువందల రూపాయల లైటు మీద “5 కిలోమీటర్లు” అని రాసి ఉంటే దానికి అరవై రెండున్నర లక్షల క్యాండెలా కావాలి. అది అరచేతిలో పట్టే లైటుకు సాధ్యమయ్యే పని కాదు. ఆ డబ్బా మీద ఇంకేమి రాసి ఉన్నా చదవనవసరం లేదు.

లుమెన్ల మాయలో మాత్రం పడవద్దు. లుమెన్ అంటే టార్చి నుంచి అన్ని వైపులకూ వచ్చే వెలుగు మొత్తం, అది ఎక్కడ పడుతుందో ఆ అంకె చెప్పదు. ఒకే కంపెనీ రెండు టార్చిలను పక్కపక్కన పెడితే ఇది తేలిపోతుంది. ఫీనిక్స్ టీకే16 రెండో వెర్షన్ వెలుగు 3,100 లుమెన్లు, దూరం 380 మీటర్లు. అదే కంపెనీ హెచ్‌టీ18 వెలుగు 1,500 లుమెన్లు, దూరం 925 మీటర్లు. రెండింటిలోనూ ఉన్నది ఒకే కొలత సెల్లు, 21700. లుమెన్లు సగం కన్నా తక్కువ, దూరం రెండింతల కన్నా ఎక్కువ. తేడా అంతా తలలోనే ఉంది. ఓలైట్ వారియర్ ఎక్స్ టర్బో అయితే 1,100 లుమెన్లతోనే కిలోమీటరు చెబుతుంది. దానిలోనూ అదే సెల్లు.

సెల్లు పేరులోనే కొలత

18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. 21700 అంటే 21 లావు, 70 పొడవు. 26650, 32700 కూడా అంతే, చివరి సున్నా గుండ్రని సెల్లు అని చెప్పడానికి. మంచి కంపెనీ 18650 సామర్థ్యం సాధారణంగా 3,500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) దగ్గర ఆగుతుంది. 21700 అయితే 5,000. 26650 చూడడానికి దొడ్డుగా ఉంటుంది కానీ మామూలుగా దొరికేవి అయిదు, అయిదున్నర వేలే. అంటే సన్నని 21700 ఇచ్చే దానితో దాదాపు సమానం, బరువు మాత్రం ఇరవై అయిదు గ్రాములు ఎక్కువ. కొత్త టార్చిలలో ఎక్కువ భాగం 21700కే మారడానికి కారణం ఇదే. చేతి పిడికిలికి కూడా ఆ లావు బాగా కుదురుతుంది. ఇప్పుడు కొత్తగా కొనేవారు 21700 వైపే చూడాలని నా గట్టి అభిప్రాయం.

మన దగ్గర సోలార్ దీపాలలో వాడే 32700 సెల్లు వేరే జాతి. అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వోల్టేజి 3.2, సామర్థ్యం 6,000 దాకా, బరువు 140 గ్రాములు. వేడికి తట్టుకుంటుంది, మంట పుట్టే ప్రమాదం చాలా తక్కువ, వేల సార్లు ఛార్జి చేసినా చెక్కు చెదరదు. ఎండలో రేకుల గుడిసెలో రోజంతా పడి ఉండే లైటుకు ఇంతకన్నా మంచి సెల్లు లేదు. జాగ్రత్త ఒక్కటే. మామూలు లిథియం సెల్లును 4.2 వోల్టుల దాకా ఛార్జి చేస్తారు, దీనిని 3.65 దగ్గర ఆపాలి. ఒకదాని ఛార్జర్ మరొకదానికి పెట్టకూడదు.

ఎంఏహెచ్ అంకెను వోల్టేజితో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 21700లో 18 వాట్ అవర్లు, 18650లో 12.6. ఇక్కడి నుంచి ఒక మోటు లెక్క. మంచి టార్చి ఒక వాట్‌కు సుమారు వంద లుమెన్లు ఇస్తుందనుకుంటే, 21700 సెల్లులో 1,800 లుమెన్ గంటలు ఉన్నాయి. 300 లుమెన్ల మీద ఆరు గంటలు, 600 మీద మూడు గంటలు. 1,500 లుమెన్లు కావాలంటే గంటా పదిహేను నిమిషాలకు మించి రావు, అది కూడా టార్చి వేడికి తట్టుకుంటేనే. “1,500 లుమెన్లు, 10 గంటలు” అని ఒకే వరుసలో రాసేవారు రెండు వేర్వేరు వెలుగు మెట్ల సంగతిని కలిపి చెబుతున్నారన్నమాట.

వేడి సంగతి ఎవరూ డబ్బా మీద రాయరు. గరిష్ఠ వెలుగు, అంటే టర్బో, రెండు మూడు నిమిషాలు మాత్రమే. తల వేడెక్కగానే సర్క్యూట్ తానే వెలుగు తగ్గిస్తుంది. ఎఫ్‌ఎల్ 1 ప్రకారం లుమెన్లు కొలిచేది వెలిగించిన ముప్పై సెకన్ల తరువాత. ఇన్ని గంటలు అని చెప్పేది మొదటి వెలుగులో పదోవంతుకు పడేదాకా. ఈ రెండింటి మధ్య ఎంత వెలుగు ఎంత సేపు ఉందో ఆ రెండు అంకెలూ చెప్పవు. మే నెల రాత్రి మన దగ్గర గాలే ముప్పై డిగ్రీలు ఉంటుంది, టర్బో ఇంకా తొందరగా దిగుతుంది. కాబట్టి కంపెనీ ఇచ్చే పట్టికలో “హై” అనే మెట్టు దగ్గర ఎంత దూరం, ఎన్ని గంటలు అని చూడండి. నిజంగా రాత్రంతా మీరు వాడేది దానినే.

ఇక దొంగ సెల్లుల కథ. ఒకసారి నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన టార్చిలో 18650 సెల్లు మీద 9,800 ఎంఏహెచ్ అని బంగారు రంగు అక్షరాలతో రాసి ఉంది. గంటలోపు మినుకుమంది. అనుమానం వచ్చి బజారులో తెలిసిన నగల కొట్టుకు పట్టుకెళ్లి తూకం వేయించాను. మంచి 18650 సెల్లు 45 గ్రాములకు పైన ఉంటుంది. ఇది 31 తూగింది. ఆ కొట్టాయన నవ్వి, “తరుగు బాగానే తీశారు” అన్నాడు. ఇప్పటికీ నాకు తెలిసిన అతి చవకైన పరీక్ష అదే. 21700 సెల్లు 70 గ్రాములకు దగ్గరగా తూగాలి. తేలికగా ఉంటే లోపల చిన్న సెల్లు దాచారని, లేదా ఇంకేదో పొడి నింపారని అర్థం. సెల్లు మీద ఐఎస్ 16046 అనే అంకె, R తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు సంఖ్య ఉన్నాయేమో కూడా చూడండి. మన దేశంలో లిథియం సెల్లులు అమ్మాలంటే ఆ నమోదు తప్పనిసరి.

రెండు మూడు సెల్లులు వరుసగా వేసే టార్చి అయితే అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి అయి ఉండాలి. పాత సెల్లూ కొత్త సెల్లూ కలిపి వేస్తే బలహీనమైనది పూర్తిగా ఖాళీ అయి, మిగిలినవి దానిలోకి ఎదురు కరెంటు తోస్తాయి. వాపు, పొగ, మంట ఏదైనా కావచ్చు. పాత మూడు సెల్లుల లైటులో ఒక ముసలి సెల్లు పడితే బల్బు ఎర్రగా వెలిగేది, ఇక్కడ అలా చెప్పి వెళ్లదు.

కొట్టులో కనిపించే రకాలు

ఊరి కొట్టులో మూడు నాలుగు వందలకు దొరికే ప్లాస్టిక్ రీఛార్జి లైటులో తరచుగా ఉండేది నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంటే మన స్కూటర్ బ్యాటరీ జాతి. బరువు ఎక్కువ, శక్తి తక్కువ. అసలు ఇబ్బంది అది కాదు. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని నెల రోజులు మూలన పడేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గడ్డకట్టి ఇక ఛార్జి ఎక్కదు. వానాకాలం కోసం కొని, వేసవి అంతా మరిచిపోయి, మళ్లీ వాన వచ్చినప్పుడు తీస్తాం, అది చచ్చి ఉంటుంది. వెనుక రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే రకాలలో ఇంకో ప్రమాదం ఉంది. చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపలి భాగాలు నేరుగా 230 వోల్టులకు తగిలి ఉంటాయి. ఛార్జి అవుతుండగా తడి చేతితో పట్టుకోవద్దు, విప్పి చూడవద్దు. రోజూ వాడి రోజూ ఛార్జి పెట్టే ఇంటికి ఇవి సరిపోతాయి. దూరానికి మాత్రం కాదు.

ముందుకూ వెనక్కూ జరిపే జూమ్ టార్చిలు జాతరలో కూడా అమ్ముతారు. తలలో గిన్నెకు బదులు ఉబ్బెత్తు కటకం ఉంటుంది. ముందుకు లాగితే అవతలి గోడ మీద చతురస్రం పడుతుంది, నిజానికి అది ఎల్‌ఈడీ ముఖమే. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. అలా లాగినప్పుడు పక్కలకు పోయే వెలుగంతా గొట్టం లోపలే చచ్చిపోతుంది, సగానికి పైగా నష్టం. ఆ చతురస్రం చుట్టూ చీకటి, కాలి కింద ఏముందో కనిపించదు. పైగా తల జరిగిన ప్రతిసారీ సైకిలు పంపులా గాలినీ తేమనూ లోపలికి లాగుతుంది. మేము దండగ చేసిన నాలుగింటిలో రెండు ఇవే. వాన రాత్రి కటకం లోపల చెమట పట్టింది, తరువాత తుప్పు పట్టింది.

కదలని తల, వెడల్పైన గిన్నె, ఒక్క ఎల్‌ఈడీ, ఒక్క 21700 సెల్లు ఉండే రకమే నా ఓటు గెలిచింది. పైన చెప్పిన ఫీనిక్స్ హెచ్‌టీ18, ఓలైట్ వారియర్ ఎక్స్ టర్బో ఈ కోవలోవి. అరవై మిల్లీమీటర్ల దగ్గర తల ఉండే కాన్వాయ్ ఎల్21ఏ కూడా ఇదే రకం, పేరున్న బ్రాండ్ల కన్నా బాగా చవక. చిక్కేమిటంటే కాన్వాయ్‌ను ఎక్కువగా అమ్మేది అలీఎక్స్‌ప్రెస్‌లో. 2020 నవంబరులో మన ప్రభుత్వం ఆ యాప్‌ను నిషేధించింది. అందువల్ల ఇది మన ఊళ్లకు చాలావరకు అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో వచ్చే చుట్టాల సూట్‌కేసుల్లోనే వస్తోంది. మీరూ ఎవరికైనా చెప్పి తెప్పించుకుంటుంటే ఒక మాట ముందే చెప్పండి. విడి లిథియం సెల్లులు చెక్‌ఇన్ సామానులో పెట్టకూడదు. చేతి సంచిలో, కొసలు తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తేవాలి. పెద్దమ్మ పచ్చడి సీసాలతో కలిపి పెట్టెలో సర్దితే విమానాశ్రయంలో పెట్టె తెరిపిస్తారు.

నాలుగైదు సెల్లులు వేసే, సోడా డబ్బా అంత లావుండే టార్చిలు ఇంకొక రకం. వాటి తలలో తేనెపట్టులా చాలా ఎల్‌ఈడీలు ఉంటే అది దూరపు లైటు కాదు, పెళ్లి పందిరి లైటు. పది, ఇరవై వేల లుమెన్లు అని రాసి ఉంటుంది. వెలిగిస్తే చుట్టూ పట్టపగలు అవుతుంది, రెండు నిమిషాల్లో చేతికి కాలుతుంది, మూడు వందల మీటర్ల అవతల మాత్రం మసకే. అదే లావు టార్చి తలలో ఒక్క పెద్ద ఎల్‌ఈడీ, చెంబు మూతంత గిన్నె ఉంటే అప్పుడు దానికి వెలుగూ దూరమూ సమయమూ మూడూ ఉంటాయి. పడవల మీద వెళ్లేవారికి, గాలింపు పనులకు అవి కావాలి. గట్టు మీద నడిచే మనిషికి ఆ బరువు మణికట్టు నొప్పి.

లేజర్‌తో వెలిగే ఎల్‌ఈపీ టార్చిలు ఈ మధ్య చాలామందిని ఊరిస్తున్నాయి. నీలి లేజర్ ఒక ఫాస్ఫర్ బిళ్ల మీద పడి తెల్లని వెలుగుగా మారుతుంది. నాలుగైదు వందల లుమెన్లతోనే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పోతుంది. చెరువు మీద ఒకసారి వెలిగించి చూశాను. ఆకాశానికి గీసిన సుద్దగీతలా ఉంది, అవతలి ఒడ్డున పడిన వెలుగు ఒక బండి చక్రమంత. ఏరియేటర్ మీద సరిగ్గా పడాలంటే వేట తుపాకీ గురి పెట్టినట్టు పెట్టాలి. పక్కన మనిషి ఉన్నా కనిపించడు. పైగా ఎవరి కళ్లలోనైనా పడితే ప్రమాదం. ముచ్చట తీర్చుకోవడానికి డబ్బున్నవారి వస్తువు అది.

ఎవరికి ఏది

చెరువు కాపలాకు నేను ఎంచుకున్నది చెప్పాను. మొక్కజొన్న, వేరుశనగ చేలలో మంచె మీద కూర్చునేవారి అవసరం కొంచెం వేరు. నక్క, కుక్క, అడవి పిల్లి కళ్లు దూరం నుంచే దివ్వెల్లా మెరుస్తాయి, వాటి కంటి వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. పందులకు ఆ పొర లేదు. కాబట్టి అడవి పంది కళ్లు చూసి గుర్తు పట్టవచ్చనుకుంటే కుదరదు, దాని ఒళ్లు కనిపించేంత వెలుగు అక్కడికి చేరాలి. చిన్న చేనుకైనా అందుకే నాలుగు వందల మీటర్ల లైటు అన్నాను. రాత్రంతా మధ్య మధ్య వెలిగించి ఆర్పేది కాబట్టి ఒక విడి సెల్లు జేబులో ఉంటే చాలు. సెల్లు లోపలే బిగించేసి బయటికి తీయరాని టార్చి అయితే ఆ వీలు ఉండదు. నేను అలాంటివి కొనను. సెల్లు ముసలిదైన రోజు టార్చి కూడా పోతుంది.

పాముల భయంతో దూరం కొట్టే లైటు కొనేవారే ఎక్కువమంది, వారికి మాత్రం నా సలహా వద్దనే. కట్లపాము, రక్తపింజరి రాత్రి తిరిగేవి. అవి ఉండేది మీ కాలి ముందు మూడు నాలుగు మీటర్లలో. సన్నని ధార అక్కడ పడితే తెల్లని మచ్చ కనిపిస్తుంది, దాని పక్కనంతా కారుచీకటి. ఎండుటాకుల్లో చుట్టుకున్న రక్తపింజరి రంగు ఆ నీలి తెలుపులో ఆకుల్లో కలిసిపోతుంది. దానికి కావలసింది వెడల్పుగా పరుచుకునే, కొంచెం పసుపు కలిసిన వెలుగు. రంగు 4,000 నుంచి 5,000 కెల్విన్ మధ్య, రంగులను సరిగా చూపే అంకె సీఆర్‌ఐ 90 పైన ఉంటే శ్రేష్ఠం. రెండు మూడు వందల లుమెన్లు చాలు. చిన్న 18650 టార్చి గానీ, నుదుటికి కట్టుకునే లైటు గానీ ఆ పని చేస్తుంది. కాళ్లకు బూట్లు కూడా ఉండాలి, అది వేరే సంగతి. దూరపు లైటు మీద ఖర్చు చేసిన డబ్బులో పావు వంతుతో ఇది వస్తుంది.

పుష్య మాసపు మంచులో ఏ లైటూ పని చేయదు. ఎంత బలమైన టార్చి అయితే అంత తెల్లని గోడ కళ్ల ముందు లేస్తుంది. ఆ రోజుల్లో టార్చిని కంటి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుని, వెలుగు తగ్గించి చూడండి, కొంత మెరుగు. తొలకరి తరువాత ఉసిళ్లు లేచే రాత్రుల గురించి చెప్పనే అక్కరలేదు.

మీట కూడా చూడండి. తోక దగ్గర నొక్కే మామూలు మీట అయితే ఆర్పినప్పుడు కరెంటు పూర్తిగా ఆగుతుంది. పక్కన ఉండే ఎలక్ట్రానిక్ మీట కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది, నెలల తరబడి వాడని ఇంటికి అది తేడా చేస్తుంది. అలాంటి టార్చిని పక్కన పెట్టేముందు తోక మూత పావు చుట్టు వదులు చేయండి. నీటి పక్క పని అయితే ఐపీఎక్స్8, అంటే నీళ్లలో మునిగినా తట్టుకునే రకం, ఉండాలి. ఐపీఎక్స్4 అంటే చిలకరింపును తట్టుకుంటుందని మాత్రమే, చెరువులో జారిపడితే కాదు. రొయ్యల చెరువు ఉప్పునీరు తగిలితే మంచినీటితో కడిగి తుడవాలి, లేకపోతే మరలు పట్టేస్తాయి.

కొన్న రాత్రే పరీక్షలు పూర్తి చేయండి, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే. మొదట కరెంటు స్తంభాలు లెక్కపెట్టి ఎన్నో స్తంభం దాకా స్పష్టంగా కనిపిస్తోందో చూడండి. అదే మెట్టు మీద ఫోనులో గడియారం పెట్టి, ఎన్ని నిమిషాలకు వెలుగు తగ్గిందో రాసుకోండి. ఐపీఎక్స్8 అని రాసి ఉంటే మూతలన్నీ బిగించి బకెట్టు నీళ్లలో అరగంట ముంచండి. ఛార్జి పెట్టేటప్పుడు దానితో వచ్చిన తీగతో పాటు మీ ఫోను ఛార్జర్ సీ-టు-సీ తీగతో, అంటే రెండు కొసలూ టైప్-సీ ఉన్న తీగతో, కూడా ఎక్కుతుందో లేదో చూడండి. చవక టార్చిలలో ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక చిన్న రెసిస్టర్ పెట్టకపోవడం వల్ల సీ రంధ్రం ఉన్నా ఆ తీగతో ఎక్కదు, పాత చదరపు కొస ఉన్న తీగతో మాత్రమే ఎక్కుతుంది. మా కాపలాదారు ఒక రాత్రంతా ఫోను ఛార్జర్ పెట్టి ఉంచి, తెల్లవారి మూడు గంటలకు మీట నొక్కితే ఎర్ర చుక్క కూడా వెలగలేదు. ఇప్పుడు గుడిసెలో ఆ టార్చి తీగను మేకుకు కట్టి ఉంచాడు, ఎవరు అడిగినా ఇవ్వడు.